ఫ్లోరిడాలో మొసలి సంగతి వదిలేయండి, కప్పతో జాగ్రత్త

ప్రశ్న: దక్షిణ ఫ్లోరిడాకి మారుతున్నాం. మేం చూసిన ఇంటి వెనకే చెరువుంది. మొసళ్లు, పాములు పెరట్లోకి వస్తాయా? చిన్న పాపతో, కుక్కతో ఉండగలమా?

వస్తాయి. రాష్ట్రంలో 13 లక్షల దాకా గేటర్లు (ఆలిగేటర్లు, ఇక్కడి మొసళ్లు) ఉన్నాయని వన్యప్రాణి శాఖ అంచనా. మొత్తం 67 కౌంటీల్లోనూ ఉన్నాయి కాబట్టి చెరువు కనబడితే అందులో ఒకటుందనే అనుకోవాలి. కానీ దాని సంగతి తేలిక. పాపని, కుక్కని నీళ్ల అంచుకి పోనివ్వకండి, చీకటి పడ్డాక అసలే వద్దు. మేత వేయకండి, అది నేరం కూడా. నాలుగడుగుల పొడవు దాటిన గేటర్ ఇబ్బంది పెడుతుంటే ఆ శాఖకి ఫోన్ చేయండి, పట్టేవాళ్లని పంపిస్తారు. ఇండియా నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ "మొసలిని చూపించు" అంటాడు. తీరా చూపిస్తే "కదలదేంటి?" అంటాడు.

నన్నడిగితే ఇక్కడ భయపడాల్సింది కప్పకి. కేన్ టోడ్ అని ఒకటుంది, ఇక్కడివాళ్లు బూఫో అంటారు.

వానాకాలంలో ఒక రాత్రి భోజనాలయ్యాక మా కుక్కని పెరట్లోకి వదిలాను. గుమ్మం లైటు కింద పురుగుల కోసం ఒక బూఫో కాచుక్కూర్చుంది, అరచెయ్యంత ఉంటుంది. మావాడు వెళ్లి నోట కరిచాడు. వెంటనే వదిలేశాడు కానీ అప్పటికే చిగుళ్లు ఎర్రబడ్డాయి, నోట్లోంచి నురగ, కాళ్లు తడబడుతున్నాయి. ఆ కప్పకి కళ్ల వెనక రెండు పెద్ద గ్రంథులుంటాయి. వాటిని కొరికితే పాలలాంటి విషం వస్తుంది. అది కుక్క గుండె లయ తప్పిస్తుంది, మూర్ఛలు తెప్పిస్తుంది.

మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. "ఒరేయ్, పసుపునీళ్లు పట్టరా" అని ఒకటే గోల. ఏదీ తాగించకూడదు. మా ఆవిడ తోట పైపు లాక్కొచ్చింది. నీళ్లు గొంతులోకి కొట్టకూడదు, తల కిందికి వంచి పక్కనుంచి పట్టాలి, లోపలికి పోకుండా బయటికే కారిపోవాలి. ఆ జిగురు ఉత్త నీళ్లకి వదలదు కాబట్టి మధ్యమధ్యలో తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవాలి. ఆవిడ కడగడం, నేను తుడవడం, అమ్మ ఆంజనేయ దండకం. తర్వాత రాత్రిపూట తెరిచుండే పశువుల ఆసుపత్రికి పరుగు. తెల్లారేసరికి వాడు లేచి తోక ఊపాడు, బిల్లు చూసి మూర్ఛ వచ్చినంత పనైంది నాకు.

అసలు ఆ కప్ప ఫ్లోరిడాదే కాదు. చెరుకు పురుగుల్ని తింటుందని 1930, 40ల్లో తెచ్చి వదిలారు, అవి నిలదొక్కుకోలేదు. 1955లో మయామీ విమానాశ్రయంలో జంతువుల దిగుమతిదారు ఒకతని దగ్గర్నుంచి కొన్ని తప్పించుకున్నాయి, ఆ తర్వాత అరవైల్లో వ్యాపారులే మరికొన్ని వదిలారు. ఇప్పుడున్నది ఆ సంతానమే. ఇక్కడి పాములు, బల్లుల గొడవలు కూడా దాదాపు ఇంతే, ముద్దుగా ఉందని కొనుక్కోవడం, పెరిగాక కాలవలో వదలడం. బర్మా కొండచిలువల దిగుమతిని కేంద్రం నిషేధించింది 2012లో. అదే ఏడాది వచ్చిన ఒక అధ్యయనం, ఆ కొండచిలువల దెబ్బకి ఎవర్‌గ్లేడ్స్ అనే ఇక్కడి పెద్ద చిత్తడి నేలలో రాకూన్లు (పిల్లికంటే కాస్త పెద్దవైన అడవి జంతువులు) కనబడటమే 99 శాతం తగ్గిపోయిందని తేల్చింది. ఇల్లంతా కాలిపోయాక బావి తవ్వడమంటే ఇదే.

ఇగ్వానాలనే పెద్ద బల్లుల గురించి నన్ను కదిలించకండి. మా ఆవిడ ప్రాణంగా పెంచుకున్న మందారాలు మొగ్గ తొడిగితే చాలు, పొద్దున్నకి బోడికాడలే. చలి ఎక్కువైతే కొయ్యబారి చెట్ల మీంచి రాలిపడతాయి. 2020 జనవరిలో వాతావరణ శాఖే "ఇగ్వానాలు పడతాయి, జాగ్రత్త" అని చెప్పింది. చచ్చాయనుకుని కారులో వేసుకునేరు, వెచ్చబడగానే లేస్తాయి.

పాములంటారా, ఇక్కడ విషం ఉన్నవి ఆరు రకాలే. పెరట్లో ఎక్కువగా కనబడేది సన్నటి నల్లటి బ్లాక్ రేసర్, దానికి విషం లేదు, మనల్ని చూస్తే అదే సర్రున పోతుంది. పారలు తీయకండి.

కప్పని చూసినా చంపడానికి తొందరపడొద్దు. ఇక్కడి సొంత కప్ప సదరన్ టోడ్ నెత్తి మీద గట్టుల్లాంటి రెండు ఎత్తులుంటాయి, బూఫో నెత్తి మీద ఉండవు. కుక్క గిన్నె రాత్రి బయట ఉంచకండి, బూఫో వచ్చి ఆ తిండీ తింటుంది. అనవసరంగా లైట్లు వేసి ఉంచకండి. చీకట్లో కుక్కని గొలుసు లేకుండా వదలకండి.

ఇల్లు నచ్చితే తీసుకోండి. కంచెకి అడుగున సన్న జాలీ వేయించుకోండి, కాకపోతే ముందు కాలనీ అసోసియేషన్‌ని అడగండి. మాకు జాలీ రంగు బాలేదని ఉత్తరం మీద ఉత్తరం రాశారు, కప్పల గురించి మాత్రం ఇంతవరకూ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.