డిస్టిలరీలో చేరబోతున్న మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

డిస్టిలరీలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది, సంతోషపడతానే "అన్నియ్యా, అది సారా పనే కదా, జనం ఏటనుకుంటారో" అని గొణిగింది కూడా. ఆమదాలవలస, భీమసింగి చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాక మనవైపు కుర్రోళ్ళకి ఈ లైన్లో పని దొరకడమే గొప్ప, నువ్వు అవేవీ పట్టించుకోకు. ముప్పై ఏళ్ళు ఆ వాసనలో బతికినోణ్ణి కదా, తెలిసింది రాస్తన్నాను. వాయిస్ మెసేజ్ పెడితే స్పీడు పెంచేసి సగం వినవు, తెలుసు నాకు.

కొత్తగా వచ్చినోడు ఎవడైనా స్పిరిట్ వైపే చూస్తాడు. కాలమ్, అదే పులిసిన సరుకుని మరిగించి స్పిరిట్ విడదీసే పొడుగు గొట్టం, సరిగ్గా నడిస్తే అది దానంతటదే వస్తాది, 78 డిగ్రీలకే మరిగే సరుకు. దాంతో పాటొచ్చే మిగతా సరుకులే నువ్వు కాపలా కాస్తే గానీ రావు. లెక్క చూడు, 180 కేజీల గ్లూకోజు పూర్తిగా పులిస్తే కాగితం మీద 92 కేజీల ఆల్కహాలు, 88 కేజీల కార్బన్ డయాక్సైడ్. దగ్గరదగ్గర సగం గాలైపోతందన్నమాట! మా రోజుల్లో దాన్ని ఊరికే వదిలేసేవారు, ఇప్పుడైతే పైపులో పట్టి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నొక్కి లిక్విడ్ చేసి కూల్‌డ్రింకులోళ్ళకి అమ్ముతారు. కడిగిన నీళ్ళలో కూడా కాస్త స్పిరిట్ ఉంటాది, పారబోయనీకు, కాలమ్‌కి పంపే పులిసిన ద్రవంలో, అదే వాష్‌లో, కలిపించు.

ఆ గ్యాసుతో మాత్రం ఆటలొద్దు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, ఖాళీ చేసిన ఫెర్మెంటర్, అదే పులియబెట్టే ట్యాంకు, అడుగున మడుగులా పడుంటాది, కంటికి కనపడదు. మనూళ్ళో నుయ్యి పూడిక తీసే ముందు లాంతరు దించి చూసేవారు గుర్తుందా, దీపం ఆరిపోతే ఎవడూ దిగేవాడు కాదు. ఇక్కడ ఆ తెలివి చూపించావో స్పిరిట్ ఆవిరి భగ్గుమంటాది. బ్లోయర్ పెట్టించి, మీటర్ పెట్టి చూసి, నడుముకి తాడు కట్టి, పైన ఒక మనిషిని నిలబెట్టాకే దింపు. లోపల ఎవడైనా పడిపోతే వాణ్ణి తియ్యడానికి ఇంకోడు ఊరికే దూకేస్తాడు, అలా దూకినోళ్ళూ చాలామంది పోతారు.

ఇంక ఫ్యూజల్ ఆయిల్, అంటే పులిసేటప్పుడు స్పిరిట్‌తో పాటు పుట్టే బరువైన ఆల్కహాళ్ళ కలగలుపు. నాకు బాగా ఇష్టమైన సరుకు ఇదే, కంపు కొట్టినా సరే. దీని తత్వం ఏటంటే నీళ్ళు ఎక్కువున్న చోట పైకి లేస్తాది, స్పిరిట్ ఎక్కువున్న చోట కిందకి దిగుతాది, అందుకని కాలమ్ లోపల అంతస్తుల్లా ఉండే ట్రేల మధ్యలో, విజయనగరం సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఇరుక్కున్నోడిలా ముందుకీ వెనక్కీ పోలేక ఉండిపోతాది. అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా తీసి, చల్లార్చి, నీళ్ళు కలిపి డికాంటర్లో, అదే కదపకుండా తేర్చే తొట్టిలో, వదిలితే పసుప్పచ్చగా నూనెలా పైకి తేల్తాది, కిందున్న నీళ్ళని మళ్ళీ కాలమ్‌కే పంపాలి. నీళ్ళు తక్కువ పోస్తే విడదు, బురదబురదగా ఉండిపోతాది. నేను చేరిన ఏడాది నైట్ డ్యూటీలో మధ్య ట్రేల టెంపరేచర్ పెరుగుతుంటే చూసి కూడా వాల్వ్ తిప్పలేదు, కునుకు పట్టేసింది. తెల్లారేసరికి స్పిరిట్ మూత తీస్తే గొంతు పట్టేసే కంపు, ట్యాంకు మొత్తం మళ్ళీ కాలమ్ ఎక్కించాల్సొచ్చింది, తిట్లు వేరే. వచ్చేది తక్కువే, వెయ్యి లీటర్ల స్పిరిట్‌కి రెండు మూడు లీటర్లొస్తే గొప్ప, కానీ అందులో ఎక్కువ ఐసోఅమైల్ ఆల్కహాలే కాబట్టి పెయింట్లోళ్ళూ, అరటిపండు ఎసెన్స్ చేసేవాళ్ళూ కొనుక్కుపోతారు.

స్పిరిట్‌ని తాగడానికి పనికిరాకుండా చేసే డీనేచరింగ్ గదిలో ఎక్సైజ్ వాళ్ళ తాళం, రిజిస్టరు ఉంటాయి, వాళ్ళు లేకుండా మూత ముట్టుకోకు. డినటోనియం అని మహా చేదైన తెల్లటి పొడి ఇస్తారు, 1958లో స్కాట్లాండ్‌లో మత్తు ఇంజెక్షన్ల మందు కోసం వెతుకుతుంటే అనుకోకుండా దొరికిందట. దాన్ని నేరుగా ట్యాంకులో చల్లకు, ముందు ఒక క్యాన్ స్పిరిట్‌లో పూర్తిగా కరిగించి పొయ్యి, పంపు తిప్పుతూ కలుపు, తర్వాత పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల శాంపిల్ తియ్యి. దీనికే కలిపే పిరిడిన్ లాంటి ద్రవాలైతే స్పిరిట్ కంటే బరువు, సరిగ్గా తిప్పకపోతే అడుగునే కూర్చుంటాయి, పైనున్న ట్యాంకంతా ఉత్త స్పిరిటే. గ్లౌజులు మర్చిపోతే ఏటవుద్దో చెప్తాను. నేను సబ్బుతో రెండుసార్లు కడుక్కుని ఆవకాయన్నం కలిపాను, నేలవేము కషాయం నయం, ముద్ద నోట్లోంచి ఊసేసి కంచం పక్కన పెట్టేశాను. ఆ చేదు మంచిదే, తాగబోయినోడు ఆగుతాడు. మిథనాల్‌కి ఆ చేదు లేదు, అందుకే దాన్ని కలిపిన సరుకు తాగి కళ్ళు పోగొట్టుకున్నోళ్ళున్నారు, ఆ డ్రమ్ముల మీద లేబుల్ ఊడితే అప్పటికప్పుడు అంటించు.

స్పెంట్ వాష్, అంటే స్పిరిట్ తీసేశాక మిగిలే మురికి నీళ్ళు, దాని గురించి అక్కడోళ్ళే నూరిపోస్తారు. మొలాసిస్, అదే చక్కెర మడ్డి, అయితే లీటరు స్పిరిట్‌కి ఎనిమిది నుంచి పదిహేను లీటర్లొస్తాది, కాఫీ డికాక్షన్‌లా. చెరువులోకి పోతే చేపలన్నీ తేల్తాయి. దాన్ని పంపే బయోగ్యాస్ ట్యాంకు ఆవు పొట్టలాంటిది, ఒకేసారి మేత ఎక్కువేస్తే లోపల పులిసిపోయి గ్యాసు ఆగిపోద్ది.

చేరే ముందు ఒకసారి ఇంటికి రా. స్పిరిట్ ఎంత గాఢమో చూసే నా పాత హైడ్రోమీటర్ గుడ్డలో చుట్టి బీరువాలో దాచాను, అది నీకే. పక్కన థర్మామీటర్ కూడా పెట్టుకో, వేడి స్పిరిట్‌లో హైడ్రోమీటర్ రీడింగు అబద్ధమే చెప్తాది. గాజుది, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళు.

మీ మావ