అల్లుడికి, గ్రైండర్ పట్టేముందు

ఒరే అల్లుడూ,

మాజ్దా 13బి రోటరీ ఇంజన్ (పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగేది) విప్పి గదంతా పరిచావనీ, గాలి పీల్చే దారులు, అదే ఇన్‌టేక్ పోర్టులు, పెద్దవి చేసి విమానానికి పెడతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆటోనగర్ షెడ్డులో స్టూలెక్కి లేతు మిషన్ చూసిన పిల్లాడివి, ఇంత పనికి పూనుకున్నావంటే గర్వంగా ఉంది. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదు.

కొన్ని నీకు తెలిసినవే. పోర్టు బయటి అంచు రోటర్ మూలనుండే కార్నర్ సీలు తిరిగే దారి దాటితే సీలు అందులో పడి విరుగుతుంది. లోపలి అంచు ఆయిల్ రింగు దారిలోకి వెళ్తే నూనె లోపలికి కారుతుంది. రెండు రోటర్లకీ ఒకే టెంప్లేటు వాడు.

నా భయం పోర్టు అంచులకి నువ్వు గీసే గీతల గురించి కాదు. పోర్టు గోడకి అవతల ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లుంటాయి, దాని గురించి.

చాలా ఏళ్ల కిందట ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక మరపడవ డీజిల్ ఇంజన్ హెడ్డు (సిలిండర్ల మీద ఉండే పోత మూత) మా షెడ్డుకి వచ్చింది. నాతో పనిచేసే మేస్త్రి, చెయ్యి తిరిగినవాడే, దాని ఇన్‌లెట్ పోర్టు వెడల్పు చేశాడు. అదే రకం హెడ్డు అంతకుముందు చేసి ఉన్నాడు కాబట్టి అదే లోతు తీశాడు. పోత పోసేటప్పుడు లోపలి ఖాళీ కోసం పెట్టే ఇసుక అచ్చు (కోరు) కాస్త జరిగిందంటే ఒక పక్క గోడ మందం, ఇంకో పక్క పల్చన అవుతుంది. పైకి చూస్తే తెలీదు. చన్నీళ్లతో ప్రెషర్ పెట్టి చూస్తే చుక్క కారలేదు. సముద్రం మీద ఇంజన్ వేడెక్కాక ఆ పల్చటి చోట పగిలింది. సిలిండర్లోకి నీళ్లు చేరి ఇంజన్ ఆగిపోయింది. ఇంకో పడవవాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు కాబట్టి మనుషులు దక్కారు. తర్వాత ఆ మేస్త్రే హెడ్డుని కోయించి చూపించాడు. గోడ అగ్గిపెట్టె అట్టంత మిగిలింది. గాల్లో నీకు తాడు వేసేదెవర్రా?

అందుకని పనికిరాని సైడ్ ప్లేటు (రోటర్ పక్కన పోర్టులుండే పోత ఇనప పలక) ఒకటి సంపాదించి, పోర్టు దగ్గర అడ్డంగా కోసి చూడు. అయినా నీ ప్లేటు అచ్చం అలాగే ఉంటుందని అనుకోకు. ఓడ రేకు మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజి అడిగి తెస్తాను, దాంతో నీ ప్లేటే కొలుద్దాం. ఒక్క మాట. ఆ గేజి ఉక్కుకి సెట్ చేసి ఉంటుంది. ఉక్కులో శబ్దం సెకనుకి సుమారు 5900 మీటర్లు పోతుంది, పోత ఇనుములో అంతకన్నా తక్కువ. సెట్టింగు మార్చకపోతే పల్చటి గోడని మందంగా చూపిస్తుంది. కోసిన ముక్కని వెర్నియర్‌తో కొలిచి, దానికి గేజిని సరిచేసుకోవాలి. పని అయ్యాక ప్రెషర్ టెస్టు వేడినీళ్లతోనే చెయ్యి.

బ్రిడ్జి పోర్టు, అంటే మామూలు పోర్టు పక్కన సన్నటి వంతెన వదిలి ఇంకో కన్నం కొయ్యడం, దాని జోలికి పోకు. అంత పెద్ద పోర్టులు బాగా ఎక్కువ వేగంలో తిరిగే రేసు బళ్లకి. 1991లో లె మాన్ రేసు గెలిచిన మాజ్దా 787బి (దానివి బ్రిడ్జి పోర్టులు కావు, పెరిఫెరల్ పోర్టులు) నిమిషానికి 9000 చుట్ల దగ్గర బలమిచ్చేది. నువ్వు ప్రొపెల్లర్ వేగం తగ్గించే 2.17 గేరు పెడుతున్నావు. ఇంజన్ 6000 తిరిగితే ప్రొపెల్లర్ 2765 తిరుగుతుంది, అది చాలు. పోర్టు మరీ ఆలస్యంగా మూసుకుంటే ఆ వేగంలో పీల్చిన గాలే వెనక్కి తన్నుతుంది. బలం తగ్గుతుంది, ఊరికే గోడ పల్చనవుతుంది.

కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ ముట్టుకున్నావో, చెవి మెలేస్తాను. చిన్నప్పుడు నీ కంట్లో ఇనప రజను పడిన రోజు మీ అమ్మ కన్నా నేనే ఎక్కువ ఏడ్చాను. మన విశాఖ ఉప్పుగాలికి కొత్తగా కోసిన పోత ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, రోజూ పని ఆపగానే నూనె రాయి.

గీతలు గీశాక ఫోటో తీసి పంపు. గేజితో నేనొచ్చేదాకా గ్రైండర్ ప్లగ్గు పెట్టకు.

నీ మావయ్య