గోత్రాలు వేరైనా జన్యువు కలవొచ్చు: ఆపరేషన్‌కు ముందే ఈ పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. నర్సంపేటలో ఫెర్టిలైజర్ షాపు నడుపుతున్నాను. ఆరేళ్ల కింద మా అన్నయ్యకు అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక నాలుగు గంటలదాకా సొంతంగా ఊపిరి అందలేదు. వెంటిలేటర్ మీద పెట్టారు. మత్తు ఎక్కువిచ్చారని మావాళ్లు గొడవ చేశారు. 'వైశ్యుల్లో ఇది కనిపిస్తుంటుంది' అని మత్తు డాక్టర్ అన్నారట. మా ఇంట్లో మేనరికాలు లేవు, అమ్మానాన్నల గోత్రాలు వేరు. వచ్చే నెల నాకు గాల్ బ్లాడర్ ఆపరేషన్. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ మత్తు డాక్టర్ చెప్పింది సరైనదే అనిపిస్తోంది. గొంతులోకి గొట్టం వేసే ముందు కండరాలు వదులయ్యేందుకు ఒక ఇంజెక్షన్ ఇస్తాం. అలాంటి వాటిలో ఒకటి సక్సినైల్‌కోలిన్. థియేటర్‌లో స్కోలిన్ అంటాం. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఐదు పది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైమ్ లేనివాళ్లలో మందు గంటల తరబడి దిగదు. వేలు కదలదు, ఛాతీ లేవదు. అది దిగేదాకా వెంటిలేటర్ పెట్టి నిద్రలోనే ఉంచితే మనిషి పూర్తిగా కోలుకుంటాడు. మీ అన్నయ్యకు చేసిందీ అదే. దీనికి డోసు ఎక్కువ కానక్కర్లేదు.

మేనరికం లేదు కదా అన్నారు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. వైశ్యులు ఇవాళ లక్షల్లో ఉన్నా, ఒకప్పటి కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే సంబంధాలు కలుపుకున్నారు. ఆ పూర్వీకుల్లో ఎవరిలోనో ఉన్న, ఈ ఎంజైమ్‌ను దెబ్బతీసే జన్యు మార్పు అలా చాలామందిలోకి పాకింది. గోత్రం తండ్రి వైపు నుంచే లెక్క. జన్యువులు అమ్మమ్మ, నానమ్మల దారిలోనూ వస్తాయి, గోత్రం వాటిని పట్టించుకోదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఇలాంటి చరిత్రే బయటపడింది. వైశ్యుల్లోని ఈ ఎంజైమ్ లోపాన్ని అందులో ఉదాహరణగా చూపారు. కాబట్టి ఇది మీ ఒక్క కులానికి అంటిన మచ్చ కాదు. మా ఆదిలాబాద్ గోండు గూడేల్లో కనిపించే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కథ వేరు. ఆ జన్యువు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ దొరికింది, అందుకే అది నిలిచింది. మీది కేవలం యాదృచ్ఛికం.

ఇక మీ సంగతి. అన్నయ్యకు అమ్మానాన్నలిద్దరి నుంచీ ఈ మార్పు వచ్చి ఉంటే, మీకూ రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. సీరం సూడోకోలినెస్టరేజ్ పరీక్ష ఇప్పుడే చేయించండి. మన పత్తి ప్రాంతంలో పురుగుల మందు ఒంట్లోకి పోయినవాళ్లకు చేసే పరీక్షే ఇది, వరంగల్‌లో దొరుకుతుంది. మీది ఎరువులు, పురుగుల మందుల షాపు అని ల్యాబ్‌లోనూ, డాక్టర్‌కూ తప్పక చెప్పండి. డబ్బాలు, ప్యాకెట్లు రోజూ ముట్టుకునేవాళ్లలో ఆ అంకె జన్యువుతో సంబంధం లేకుండా కూడా తగ్గొచ్చు. కాలేయం బాగా లేకపోయినా అంతే. కొద్దిగా తగ్గితే కొన్ని వారాలు షాపుకు దూరంగా ఉండి మళ్లీ చూడాలి. దాదాపు సున్నా అయితే జన్యువే కారణమై ఉండొచ్చు, హైదరాబాద్‌లో జన్యు పరీక్షతో తేల్చుకోవచ్చు.

ఫలితం ఏదైనా ఆపరేషన్ మానుకోకండి. స్కోలిన్‌ను, అదే ఎంజైమ్‌తో విరిగే మైవాక్యూరియం అనే మందును వదిలేసి రోక్యురోనియం లాంటి మందులతో హాయిగా చేస్తారు. ఈ లోపం వల్ల రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. అన్నయ్య డిశ్చార్జ్ కాగితాలు వెతికి తీసి, ఆపరేషన్‌కు ముందు జరిగే చెకప్‌లో మత్తు డాక్టర్ చేతికివ్వండి. లోపం తేలితే 'స్కోలిన్, మైవాక్యూరియం ఇవ్వొద్దు' అని రాసిన చీటీని మీరూ, అన్నయ్యా ఆధార్ కార్డు వెనకే పర్సులో పెట్టుకోండి. రాత్రి పూట యాక్సిడెంట్ అయి మాట్లాడలేని స్థితిలో వచ్చినా మాకు అది కనిపిస్తుంది. మీ పిల్లలకు కూడా ఆపరేషన్ అవసరం పడేలోపే ఈ పరీక్ష చేయించండి.