నాణ్యతా హామీ ఇవ్వవచ్చునా?

సందేహం: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్వాలిటీ అష్యూరెన్స్‌లో పనిచేస్తున్నాను. మా విభాగం పేరు తెలుగులో 'నాణ్యతా హామీ' అని రాస్తే ఒక పెద్దాయన తప్పన్నారు. 'నాణ్యతా నియంత్రణ' అంటే సరిపోతుందా?

సమాధానం: పెద్దాయన కారణం చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. తప్పు మీరు 'త'కు ఇచ్చిన దీర్ఘంలో ఉంది. మానవతావాదం, సమతావాదం లాంటి సంస్కృత సమాసాల్లో ఆ దీర్ఘం నిలుస్తుంది. 'హామీ' ఉర్దూ ద్వారా వచ్చిన మాట. దాని ముందు 'నాణ్యత' అంటే చాలు. పేపర్లలో 'నాణ్యతా ప్రమాణాలు' చదివీ చదివీ మన చెవికి దీర్ఘం అలవాటైపోయింది.

ఆ మాటకొస్తే 'నాణ్యత'లో 'త' కూడా అదనమే. నాణ్యం అంటేనే మేలిమి. ప్రాధాన్యాన్ని ప్రాధాన్యత చేసినట్టే దీనికీ తోక తగిలించాం. నాణెం, నాణ్యం ఒకే ఇంటి మాటలు. కన్నడంలో 'నాణ్య' అంటే ఇప్పటికీ నాణెమే. తమిళంలో 'నాణయం' అంటే నాణెమూ, నిజాయితీ కూడా. వెండి రూపాయల కాలంలో షావుకారు రూపాయిని బండమీద మోగించి, కంగుమంటేనే గల్లాపెట్టెలో వేసుకునేవాడు. మీ టెస్టర్లు చేసేదీ అదే కదా! అయినా 'నాణ్యత' బాగా పాతుకుపోయింది, దాన్ని ఇప్పుడు పీకే ఓపిక నాకు లేదు.

ఇక నియంత్రణ. ఇది క్వాలిటీ కంట్రోల్‌కు సరిపోతుంది, మీ పనికి చాలదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లను ఎలా తిప్పలు పెట్టిందో గుర్తుందా? మామూలు 'జ్ఞా'తో ఏ ఇబ్బందీ లేదు. 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక కోడ్ అక్షరం దూరితే మాత్రం, ఆ మెసేజ్ చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది. విడుదలకు ముందే ఎవరైనా ఆ అక్షరం కొట్టి చూసి, బగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పు) ఉందని రాసి ఉంటే, అది నియంత్రణ. తయారైన సరుకులో తప్పు పట్టడమన్నమాట. భారతీయ లిపుల ఒత్తులన్నీ ఇలాంటి కనబడని అక్షరాలతో సహా పరీక్షించందే ఏ వెర్షనూ బయటికి పోకూడదని ముందే ఒక పద్ధతి పెట్టి, అది నడుస్తోందో లేదో కనిపెట్టి ఉండటం అష్యూరెన్స్.

'హామీ'కి దీర్ఘం తీసేసినా అర్థంలో చిక్కుంది. ఎన్నికల హామీ అన్నా, ఉపాధి హామీ అన్నా జనానికి తట్టేది గ్యారంటీ. బగ్గులు ఉండవని ఏ టెస్టరు గ్యారంటీ ఇస్తారు? ఐఎస్‌ఓ 9000 ప్రమాణం కూడా, నాణ్యత అవసరాలు నెరవేరతాయన్న నమ్మకం కలిగించడాన్నే అష్యూరెన్స్ అంటుంది. ఆ నమ్మకానికి మనకు 'భరోసా' ఉంది. రైతు భరోసా పుణ్యమా అని అది తెలియని ఊరు లేదు.

కాబట్టి బోర్డుమీద 'నాణ్యత భరోసా విభాగం' అని రాయండి. మాటల్లో మాత్రం క్యూఏ అనే అనండి. అమీర్‌పేటలో టెస్టింగ్ నేర్చుకుంటున్న పిల్లల్ని 'నాణ్యత పరీక్షణ నేర్చుకుంటున్నారా' అని అడిగితే, ఏ ప్రభుత్వోద్యోగ పరీక్షో అనుకుంటారు.