అమ్మలూ, 7200 కొనకు

అమ్మలూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, మా పిల్ల మొదటి జీతంతో కంప్యూటర్ తనే అసెంబుల్ చేసుకుంటుందట" అన్నాడు. వాడికి కంగారు. నాకు సంతోషం సగం, భయం సగం. మన ఇంట్లో నా తర్వాత స్క్రూడ్రైవర్ పట్టింది నువ్వే.

నీ లిస్టు కూడా వాట్సాప్‌లో పంపాడు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, బాగున్నాయి. ఎస్‌ఎంపీఎస్, అదే కరెంటు సరఫరా చేసే పెట్టె, దాని దగ్గర కక్కుర్తి పడకు. గోడ ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. మిగతా బిగింపు వీడియోలు చూసి చేసేసుకుంటావు. నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ర్యామ్ పక్కన వేగం అని నువ్వు రాసిన 7200. ఎందుకే తల్లీ అది? అంకె పెద్దదనా?

నా సంగతి ఒకటి మీ నాన్నకి కూడా తెలియదు. 1999 ఎండాకాలం, ఖమ్మంలో నా కొట్టు. సామాను కోసం గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ పార్క్ లేన్‌కి వెళ్లేవాణ్ణి, బోర్డులు ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చేవాణ్ణి. పెళ్లికార్డులు కొట్టే డీటీపీ ఆయన ఒకాయన పెంటియం త్రీ సిస్టమ్ అడిగాడు. 440బీఎక్స్ బోర్డు, మెమరీ 100 మెగాహెర్ట్జ్ మీద నడవాలి. 64 ఎంబీ ర్యామ్ స్టిక్కులు రెండు పెట్టాలి. ఒకటి పీసీ100, అంటే 100 వేగానిదే కొన్నాను. రెండోది కొట్టులో పడున్న పాత 66 మెగాహెర్ట్జ్‌ది గుచ్చేశాను. కొన్ని వందలు మిగిలాయి. ఆన్ చేస్తే తెర మీద 131072 కేబీ, అంటే 128 ఎంబీ అని లెక్క పూర్తిగా చూపించింది. ఇంకేం, బోర్డే ఒప్పుకుంది అనుకున్నాను.

పొద్దున బాగానే నడిచేది. మధ్యాహ్నం రెండయ్యేసరికి నీలం తెర. ఆయన వచ్చి చెప్తే నేనేమన్నానో తెలుసా? "ఎక్కడెక్కడి ఫ్లాపీలో పెడతారు, వైరస్ రాకేం చేస్తుంది" అని కసిరాను. విండోస్ 98 మూడుసార్లు ఫార్మాట్ కొట్టి ఎక్కించాను. కరెంటు బాగాలేదని స్టెబిలైజర్ కొనిపించాను. ఒకరోజు ఆయన పేజ్‌మేకర్ ఫైలే తెరుచుకోలేదు. పెళ్లికూతురి తండ్రి స్టూలు మీద కూర్చునే ఉన్నాడు, ఈయన రాత్రంతా మళ్లీ మొదటి నుంచి టైపు చేశాడు. ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను, టీలు అందిస్తూ.

చివరికి విసుగొచ్చి ఆ 66 స్టిక్కు పీకేశాను. మూడు రోజులు మిట్టమధ్యాహ్నం కూడా ఆగలేదు. అప్పుడు వెలిగింది బుర్రలో. బోర్డు 100 నడక నడవమని అదిలిస్తోంది. పాత ఎద్దు చల్లపూట ఎలాగో కాళ్లీడ్చింది, ఎండెక్కితే కూలబడింది. సరైన స్టిక్కు నా డబ్బుతోనే వేశాను గానీ, ఆయనతో మాత్రం "విండోస్‌లో ఏదో ఉంది, సరిచేశాను" అన్నాను. స్టెబిలైజర్ డబ్బులు తిరిగివ్వలేదు. ఆయన ఆ సాయంత్రం నాకు మిర్చిబజ్జీలు తినిపించాడు.

అందుకే నీ 7200 చూస్తే గుండె దడ. నీ ప్రాసెసర్‌కి దాన్ని తయారుచేసిన ఏఎండీ చెప్పిన మెమరీ వేగం 5200. ఆపైన ఎంత పెట్టినా, అట్ట మీద ఏం రాసున్నా, అది ఓవర్‌క్లాకే, అంటే కంపెనీ చెప్పిన హద్దు దాటి పరిగెత్తించడమే. 6000 దాకా మామూలుగా ఇబ్బంది ఉండదు. 7200 పెడితే చాలా బోర్డులు ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపించే మెమరీ కంట్రోలర్‌ని ర్యామ్ నడకలో సగానికి దించేస్తాయి. డబ్బు పోసి కొన్న వేగంలో చాలా వరకు అక్కడే హరించుకుపోతుంది. 6000, సీఎల్30 (ర్యామ్ జవాబివ్వడానికి పట్టే జాప్యం), ఎక్స్‌పో (ఆ వేగానికి ముందే రాసిపెట్టిన సెట్టింగు) అని రాసున్న కిట్టు తీసుకో, 16 జీబీవి రెండు, ఒకే పెట్టెలోవి. బోర్డు కంపెనీ సైట్‌లో క్యూవీఎల్ అని, వాళ్లు పరీక్షించి చూసిన ర్యామ్‌ల జాబితా ఉంటుంది. స్టిక్కు పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా అందులో ఉందేమో చూడు. నాలుగు స్లాట్లున్నాయని నాలుగూ నింపకు. నింపితే ఏఎండీ లెక్క 3600కి పడిపోతుంది. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడు. నీ స్నేహితురాలు ఇస్తానన్న పాత తరం డీడీఆర్4 స్టిక్కులు ఈ బోర్డులో పట్టవు, గాటు వేరే చోట ఉంటుంది. పొరపాటున కూడా వాటిని గట్టిగా నొక్కకు.

బయోస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చేయడం మర్చిపోతే 6000 కిట్టు కూడా 4800 దగ్గరే కూర్చుంటుంది. కంప్యూటర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో 3000 అని కనబడితే మోసపోయాననుకోకు. గడియారం ఒక్కసారి కొట్టుకుంటే డేటా రెండుసార్లు కదులుతుంది, అంతే.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు ర్యామ్‌తో మచ్చిక చేసుకుంటోందన్నమాట. హడలిపోయి స్విచ్ కట్టేయకు. నీ చేతుల్ని తిట్టుకోకు. తర్వాత విండోస్ ఎక్కించకముందే పెన్‌డ్రైవ్‌తో మెమ్‌టెస్ట్, అదే ర్యామ్‌లో తప్పులు వెతికే ప్రోగ్రాం, పెట్టి రాత్రంతా వదిలెయ్. ఒక్క తప్పు చూపించినా వేగం 5600కి దించి మళ్లీ పెట్టు. మరుసటి రోజు మధ్యాహ్నం కూడా ఒకసారి నడిపించు, ఏసీ కట్టేసి. నవ్వుతావని తెలుసు. అయినా చెయ్యి.

ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే. తెర నల్లగా ఉన్నప్పుడే చేస్తే ఇంకా మంచిది, వెలిగేదాకా ఇద్దరం మాట్లాడుకుంటూ ఉండొచ్చు.

నీ పెదనాన్న