ఆ నోట్‌బుక్‌లో ఏడో పేజీ చూశారా అమ్మా?

ప్రశ్న: మాది హిందూపురం. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయికి ఇరవై ఏళ్లు, బీఈ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. అర్ధరాత్రి దాటినా ‘స్లీపింగ్ డాగ్స్’ అనే గేమ్ ఆడుతూనే ఉంటాడు. తిడితే, ఆ గేమ్‌లో బలాలేంటో లోపాలేంటో రాసుకున్న నోట్‌బుక్ చూపించి, గేమ్ డిజైనర్ అవుతానంటున్నాడు. రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది. నోట్‌బుక్ ఫొటోలు పంపుతున్నాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఫొటోలన్నీ రెండుసార్లు చదివాను. ముందు ఆ గేమ్ ఏమిటో చెబుతాను. 2012లో వచ్చింది. హాంకాంగ్‌లో వెయ్ షెన్ అనే పోలీసు, ముఠాలో మనిషిగా చేరి లోపలి గుట్టు లాగే కథ. ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు. తుపాకీ కన్నా చేతులకీ కాళ్లకీ పని ఎక్కువ. హింస బాగా ఉంటుంది, పెద్దవాళ్ల కోసం చేసిన గేమ్. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల ముందు ఆడొద్దని చెప్పండి.

మొదటి పేజీల్లో ‘వాన సూపర్, నైట్ లైటింగ్ సూపర్’ అని రాశాడు. అది ఎవరైనా రాస్తారు. ఏడో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. కొట్టబోయే శత్రువు ఒళ్లు ఎర్రగా మెరుస్తుంది, ఆ క్షణంలో బటన్ నొక్కితే దెబ్బ తిప్పికొట్టొచ్చు. అందుకే చుట్టూ ఎంతమంది ఉన్నా కంగారు ఉండదని రాసి, కింద ఇంకో వాక్యం పెట్టాడు: ‘కాసేపయ్యాక నేను మనిషిని చూడటం మానేశాను, ఎరుపునే చూస్తున్నాను.’ ఒకే అంశంలో బలం ఎక్కడుందో, అదే ఎక్కడ లోపంగా మారుతుందో పట్టుకున్నాడు. డిజైనర్ చేసే ఆలోచన ఇదే. నాకు చాలా సంతోషమేసింది.

ఇంకోచోట మార్కుల గురించి రాశాడు. మిషన్‌లో పోలీసు మార్కులు వేరు, ముఠా మార్కులు వేరు. ఆస్తులు ధ్వంసం చేస్తే పోలీసు మార్కులు తగ్గుతాయి. కానీ ఎటువైపు నిలబడాలో తెలియక వెయ్ షెన్ నలిగిపోయే బాధ ఆ అంకెల్లోకి రాలేదన్నాడు. నిజమే. ఇరుకు గదుల ఫైట్ల గురించి మాత్రం ‘కెమెరా చెత్త’ అని వదిలేశాడు. అది ఒప్పుకోను. ఏ గదిలో, ఏ గోడ దగ్గర, ఎలా సరిచేయాలి? అవి కూడా రాయాలి.

ఇక ఉద్యోగం. బెంగళూరులో ఈ రంగం కొత్తది కాదు. ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ కంపెనీ ఇక్కడ 1997లోనే మొదలైంది, 2019లో దాన్ని రాక్‌స్టార్ గేమ్స్ అనే విదేశీ కంపెనీ కొనుక్కుంది. అయితే ఫ్రెషర్‌ని నేరుగా డిజైనర్‌గా తీసుకోవడం అరుదు. ప్రోగ్రామింగ్, ఆర్ట్, టెస్టింగ్ వైపు నుంచి లోపలికి వెళ్లేవాళ్లే ఎక్కువ. భద్రత మాటకొస్తే, ఇంత మంచి గేమ్ చేసిన వాంకూవర్ స్టూడియో యునైటెడ్ ఫ్రంట్ గేమ్స్ 2016లో మూతపడింది. అందుకే డిగ్రీ విషయంలో నేను మీ పక్షమే. ఆ రెండు బ్యాక్‌లాగ్‌లు ముందు క్లియర్ కావాలి. బెంగళూరులోనే ఉన్న ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో పీజీ ఉంది. దానికైనా డిగ్రీ చేతిలో ఉండాలి.

పరీక్షలయ్యాక మూడు నెలలు ఇవ్వండి. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లలో యూనిటీ అయితే సి షార్ప్, అన్‌రియల్ అయితే సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష కావాలి. రెండూ ఉచితంగానే నేర్చుకోవచ్చు. పెద్ద ఊరు కట్టొద్దు. ఒక్క గది, ఒక హీరో, ముగ్గురు శత్రువులు చాలు. షరతు ఒక్కటే: ఎర్ర మెరుపు ఉండకూడదు. భుజం లేపడమో, కాలు వెనక్కి వేయడమో, ఒక శబ్దమో, దెబ్బ వస్తోందని వేరే దారిలో తెలియాలి. తను పట్టుకున్న లోపాన్ని తన చేత్తో సరిచేయగలడో లేదో అప్పుడు తేలిపోతుంది. ఇంటర్వ్యూలో నోట్‌బుక్ కన్నా ముందు ఆ గదినే చూస్తారు.

ఈలోగా ఒక సాయంత్రం మీరే పక్కన కూర్చుని ఏడో పేజీ చదివి వినిపించమనండి. గది తయారయ్యాక నాకూ పంపమని చెప్పండి. ఆడి చూసి వాడికే నేరుగా రాస్తాను.