చపాటా కోసం వంతెన దాటే ముందు

సిరోంచ (మహారాష్ట్ర),
సంక్రాంతి వెళ్ళిన వారం.

బిడ్డా,

నిన్న ఫోన్‌లో "పెద్దమ్మా, ఇక్కడ చంద్రపూర్‌లో ఎర్ర ఢోబ్లీ మిర్చి, అదే క్యాప్సికమ్, మంచిగా దొరుకుతోంది, దాంతోనే తొక్కు పెట్టేయనా?" అని అడిగావు చూడు, అప్పుడే సిగ్నల్ పోయింది కాబట్టి నా నవ్వు నీకు వినబడలేదు. పెట్టకు. అది నీళ్ళ కాయ. కోసి కూర వండుకుంటే బాగుంటుంది గానీ, జాడీలో వేస్తే వారం తిరక్కుండానే నురగ కడుతుంది. మీ అమ్మ అడిగింది చపాటా తొక్కు. దానికి చపాటాయే కావాలి. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు కాయ సంగతి. చపాటా చూడ్డానికి చిన్న టమాటలా గుండ్రంగా, గీతలు గీతలుగా ఉంటుంది. టమాట మిర్చి అని కూడా అంటారు. రంగు చూస్తే భయపడతావు, తింటే ఇంతేనా అంటావు. కారం అసలు లేదని కాదు, ఉంటుంది, కానీ వెనక నిలబడుతుంది. ముందు తీపి తగులుతుంది, తర్వాత కమ్మదనం, చివర్న కాస్త చురుక్కు. గుంటూరు తేజ తిన్న నోటికి ఇది మిర్చే కాదనిపిస్తుంది.

ఇంత ఎర్రటి కాయలో కారం ఎందుకు తక్కువ అని చిన్నప్పుడు మీ అమ్మ నన్ను పదిసార్లు అడిగి ఉంటుంది. రంగుకూ కారానికీ సంబంధం లేదు. రంగు తోలు కండలో ఉంటుంది. కారం లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో పుడుతుంది. గింజలకు కారం ఉందనుకుంటాం గానీ, ఆ తెల్ల కండను ఆనుకుని ఉండబట్టి దాని కారం వాటికి అంటుతుంది, అంతే. ఒక కాయ చీల్చి, పైకండ ఒక ముక్క, ఆ తెల్లది ఒక ముక్క విడివిడిగా నాలుక మీద పెట్టుకో. నీకే తెలుస్తుంది.

ఇది వరంగల్ సీమ కాయ. 2025లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా సీమ సరుకని చెప్పే సర్కారు ముద్ర, వచ్చింది. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు పండేదానికే ఆ పేరు. మన సిరోంచ వైపు కూడా మిర్చి బాగానే పండుతుంది గానీ, ఎక్కువమంది వేసేది కారం కాయే. చపాటా కావాలంటే గోదావరి వంతెన దాటి కాళేశ్వరం అవతలికి పోవాల్సిందే. మా కాలంలో అయితే పడవ. ఒడిలో కాయల మూట పెట్టుకుని, నీళ్ళు తగలకుండా చీర కొంగు కప్పుకుని వచ్చేవాళ్ళం.

ఎప్పుడు పోవాలి అంటే, సంక్రాంతి తర్వాత, శివరాత్రి లోపు. మొదటి కోత కాయ చెట్టు మీద ఇంకా పూర్తిగా రంగు పట్టదు, భుజాల దగ్గర పచ్చ ఉంటుంది. రెండో కోత నాకిష్టం. శివరాత్రి దాటితే ఎండ ముదురుతుంది, కాయ చెట్టు మీదే ముడుచుకుంటుంది, అది కల్లానికి పనికొస్తుంది గానీ తొక్కుకు కాదు. ఎలాగూ శివరాత్రికి మీ అత్తగారు కాళేశ్వరం ముక్తీశ్వరుడి దర్శనానికి వస్తామన్నారు కదా, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు చూడాలని. కానీ ఆ రోజుకు పెట్టుకోకు. జాతర రద్దీలో కాయ ఏరుకునే తీరిక ఎవరికీ ఉండదు, ధర కూడా వాళ్ళు చెప్పిందే. పది రోజులు ముందు రా.

కొనేటప్పుడు కాయను చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కు. లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి. చెవి దగ్గర పెట్టి ఊపు, గింజలు గలగలమంటే అది ఎండడం మొదలుపెట్టిన కాయ, వదిలెయ్యి. తొడిమ పచ్చగా ఉండాలి. తోక వైపు గుండ్రంగా గుంటపడ్డ నల్లమచ్చ ఉంటే అది కుళ్ళు, ఒక్క కాయ చాలు జాడీ మొత్తాన్ని పాడు చేయడానికి. తెల్లబారిన తాలు కాయలు కలిపి చవకగా ఇస్తానంటే వద్దను.

ఇంకొకటి. బస్తా అడుగు చూడకుండా డబ్బులు తీయకు. మా చిన్నోడి పెళ్ళి ఏడాది నేను తోటకు పోయే ఓపిక లేక ఒక దళారి దగ్గర బస్తా తెప్పించాను. పైన రెండు చేరల మందం చపాటా, మిలమిల మెరిసిపోతోంది. కింద అంతా ఏదో కారం కాయ, పొట్టిగా ఉంది కాబట్టి కళ్ళకు ఆనలేదు. పనిలో పడి నేనూ రుచి చూడలేదు. చపాటాకు వేసినంత చేత్తో ముద్దలో తొక్కు వేసి వడ్డించాను. వియ్యంకుడు రెండో ముద్దకు లేచి నిలబడ్డాడు. నీళ్ళు, నీళ్ళు అన్నారు, నీళ్ళతో తగ్గేదా అది. కారం నూనెలో, కొవ్వులో కరుగుతుంది గానీ నీళ్ళలో కరగదు. పెరుగు గిన్నె తెచ్చి ముందు పెట్టాను, అప్పుడు కూర్చున్నాడు. ఇప్పటికీ మా ఇంటికి వస్తే ముందు పెరుగు ఉందా అని అడుగుతాడు. అందుకే చెబుతున్నా, అడుగు నుంచి నాలుగు, మధ్య నుంచి నాలుగు తీసి, కొరికి చూసి కొను. సిగ్గుపడకు.

మన వైపు నుంచి అవతలికి మిర్చి ఏరడానికి పోయే కూలీలు, మాఘం, ఫాల్గుణం గడిపి తిరిగొచ్చేటప్పుడు కూలి కింద కాయలే తెచ్చుకుంటారు. సంతలో వాళ్ళ దగ్గర కొంటే ధరలో మోసం ఉండదు, నేను ఏడాది కారప్పొడికి అదే కొంటాను. కానీ అది ఎండుకాయ, పైగా నాలుగు తోటల కాయ కలిసి ఉంటుంది. తొక్కుకు కాదు. కొట్లో ఎర్రగా ఉండి కారం తక్కువది కావాలంటే బ్యాడిగి చూపిస్తారు. కర్ణాటక హావేరి వైపు కాయ, ముడతలతో పొడుగ్గా ఉంటుంది, రంగుకు తిరుగులేదు. అదీ మన దాకా ఎండుకాయగానే వస్తుంది. మనకు కావలసింది పండుకాయ.

కొన్నాక ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి బస్సెక్కకు. ఆలాపల్లి రోడ్డు మీద ఎన్ని గంటలు ఊగుతావో ఆ గుంతలకే తెలియాలి, కాయ చెమట పట్టి మెత్తబడుతుంది. వెదురు బుట్టలో గుడ్డ వేసుకుని తీసుకురా. అసలు నన్నడిగితే తొక్కు నూరే పని మా ఇంట్లోనే చేసుకుని పోవడం మేలు.

ఇక తొక్కు. రెండు కిలోలు చాలు మీ ఇద్దరింటికి. కాయను తొడిమతోనే కడుగు. తొడిమ తీసి కడిగితే ఈ గుండ్రటి కాయ చిన్న ముంతలా నీళ్ళు పట్టేస్తుంది, ఎంత తుడిచినా ఆ నీళ్ళు బయటికి రావు, ఐదో రోజుకు తెల్ల బూజు. కడిగి, గుడ్డ మీద పరిచి, ఒక్కొక్కటి తుడిచి, నీడలో ఒక పూట ఆరనియ్యి. ఫ్యాన్ వేసుకో. అప్పుడు తొడిమలు తీయి. అంతకుముందు చేతులకు కాస్త పల్లి నూనె రాసుకుంటే వేళ్ళు మండవు. చపాటాకు ఎందుకులే అనుకుంటావు, రెండు కిలోల తొడిమలు తీశాక కన్ను నలుపుకున్నప్పుడు తెలుస్తుంది.

కిలో కాయకు రెండొందల గ్రాముల దొడ్డుప్పు, పావుకిలో చింతపండు, వంద గ్రాముల వెల్లుల్లి. చింతపండు కొత్తదే తీసుకో. పాతది నల్లగా ఉంటుంది, పులుపు బాగానే ఉన్నా తొక్కు రంగు ఇటుకలా అయిపోతుంది, ఇంత కష్టపడి చపాటా తెచ్చింది దానికోసం కాదు కదా. ఈ రోజుల్లోనే మన అడవి చింతపండు కొత్తది సంతకు వస్తుంది. పిక్కలు, ఈనెలు తీసి పెట్టుకో.

కాయలు, ఉప్పు రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచు. రోలు లేకపోతే మిక్సీలో ఒక్క సెకను తిప్పి ఆపు, మళ్ళీ తిప్పి ఆపు. గింజ గింజలాగే కనబడాలి. మెత్తగా తిప్పావంటే గింజ నలిగి చేదు దిగుతుంది, మిక్సీ వేడికి పచ్చిదనం కూడా పోతుంది. దంచినదాని మధ్యలో చింతపండు గుచ్చి, జాడీలో నొక్కి, గుడ్డ కట్టి మూడు రోజులు పెట్టు. కదపకు. మూడో రోజుకు కాయ నీరు ఊరి చింతపండు ఉబ్బుతుంది. అప్పుడు వెల్లుల్లి, రెండు చెంచాల వేయించిన మెంతిపొడి వేసి ఇంకోసారి నూరు. పోపు మొత్తానికీ ఒకేసారి పెట్టకు. కావలసినంత తీసుకుని ఎప్పటికప్పుడు నువ్వుల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టుకో. ఆ నూనెలో రంగు ఎలా దిగుతుందో చూడు, గరిటె అంచుకు కుంకుమ రాసినట్టు. రంగు కూడా నూనెలోనే కరుగుతుంది మరి.

కారం తక్కువైందని గుంటూరు పొడి కలిపేవాళ్ళున్నారు. మా ఇంట్లోనూ ఉన్నారు, పేరు చెప్పను. అలా కలిపేదానికి చపాటా ఎందుకు కొనడం? మీ ఆయనకు కారం కావాలంటే పక్కన పచ్చిమిర్చి పెట్టు.

తొక్కుకు పోగా ఒక పది కాయలు దాచుకుని ఇలా చేసి చూడు. గుత్తి వంకాయకు చేసినట్టు పల్లీలు, నువ్వులు, కాస్త ఎండుకొబ్బరి వేయించి, ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి వేసి నూరు. కాయకు ఒక పక్క మాత్రమే గాటు పెట్టి లోపలి తెల్ల కండ తీసేసి కూరు. పెనం మీద నూనె వేసి, మూత పెట్టి, సన్న సెగ మీద మగ్గనియ్యి. తోలు ముడతలు పడి, ఒకటి రెండు చోట్ల నల్లగా మాడాలి. ఆ మాడిన చోట తీపి పెరుగుతుంది. జొన్న రొట్టెతో రెండు కాయలు తింటే మధ్యాహ్నం నిద్ర ఖాయం. మా పక్కింటి మరాఠీ వహిని (వదిన) అయితే ఇవే కాయలను పల్లీలు, వెల్లుల్లితో పెనం మీదే నలిపి ఎర్ర ఠేచా, అంటే వాళ్ళ మిర్చి పచ్చడి, చేస్తుంది. పచ్చిమిర్చి ఠేచా తినలేని పిల్లలు కూడా దాన్ని నాకేస్తారు. ప్రాణహిత చేప దొరికిన రోజు నాలుగు పండుకాయలు నూరి పులుసులో వేస్తాను, పొడి కారం సగానికి తగ్గించి. పులుసు చిక్కబడుతుంది.

మంచి కాయ దొరికితే రెండు కాయల గింజ దాచుకో, బాల్కనీలో కుండీలున్నాయి కదా. తోట అంచు చెట్టు కాయ కాదు, మధ్య చెట్టుది అడిగి తీసుకో. మిర్చి పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ పడుతుంది గానీ, తేనెటీగలు పక్క చేను తేజ పుప్పొడి కూడా మోసుకొస్తాయి. ఈ ఏటి కాయ రుచి మారదు, దాని గింజ వేస్తే వచ్చే ఏటి చెట్టు మారిపోతుంది. గింజను నీడలో ఆరబెట్టి, సీసాలో కాస్త బూడిద కలిపి పెట్టు. ఆషాఢంలో నారు పోయి. మొక్కకు నల్లి పురుగు కనబడితే నాకు ఫోన్ చెయ్యి, ఏ మందో కొట్టకు.

వచ్చే ముందు రోజు చెప్పు, అవతల మన చుట్టాల తోటలో కోత ఎప్పుడో కనుక్కుంటాను. జాడీ నేను కడిగి ఎండబెట్టి ఉంచాను, మీ అమ్మమ్మ వాడిన గోధుమరంగు జాడీయే. దాని మూత మాత్రం మీ అమ్మ పెళ్ళిలో సామానుతో కలిసి చంద్రపూర్ వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ దీనికి గుడ్డ కట్టే నెట్టుకొస్తున్నా. మీ అమ్మ దాన్ని చక్కెర డబ్బా మీద పెట్టుకుంటుంది, నేను చూశాను. వచ్చేటప్పుడు ఆ మూత తీసుకురా.

మీ పెద్దమ్మ